మామగారి కౌంటరు మీద మాటల కోత

మా మామగారు పొడవాటి ఇంగ్లీషు మాటను ముక్కలు చేయకుండా మింగలేరు. ఆయనది మందులషాపు, అక్కడ అలాంటి మాటలకు కరువా? చీటీ అందగానే వేలి కణుపుతో కౌంటరును కొడతారు. “ప్యా-ర-సీ-ట-మాల్.” నొక్కి పలకాల్సిన బరువు పడేది మూడో ముక్క మీదనట, కాబట్టి ఆ దెబ్బ గట్టిది. తలనొప్పితో వచ్చినవాడు ఆ చప్పుడుకి ఇంకో బిళ్ళ అదనంగా కొనుక్కుని పోతాడు.

మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, ఏం చేస్తుంటావని అడిగారు. ఫొటోగ్రాఫర్నని చెప్పి దొరికిపోయాను.

“ఫొటోగ్రాఫ్ అంటే బరువు మొదట్లో. ఫొటోగ్రాఫర్ అయితే రెండో ముక్క మీద. ఫొటోగ్రాఫిక్ అంటే మూడోదాని మీద. తోక మారితే బరువు జరుగుతుంది బాబూ.”

ఆయన కణుపు దెబ్బకి, బరువుతోపాటు బల్లమీది నా కాఫీ కూడా జరిగి ఒళ్ళో పడింది.

ఈ జబ్బు ఇంటిల్లిపాదికీ అంటుకుంది. అత్తగారు రిఫ్రిజిరేటర్ని ఐదు దెబ్బలు కొట్టిగాని తెరవరు. మా ఆవిడ నన్ను ఇర్రెస్పాన్సిబుల్ అని తిట్టాలన్నా తీరిగ్గా కోసి, ముక్కముక్కా వడ్డిస్తుంది.

మరదలికి చిన్నప్పటినుంచీ నత్తి. అయినా ఆ పిల్లకు మైకంటే ప్రాణం. ఆసుపత్రిలో రోగులను మైకులో పిలిచే ఉద్యోగానికి పరీక్ష ఉందంటే మామగారూ నేనూ తోడు వెళ్ళాం. అద్దం తలుపు అవతల ఆమెకు ఆసుపత్రి విభాగాల పేర్లిచ్చి మైకులో చదవమన్నారు. మొదటి మాట “గ్యా” దగ్గరే ఆగిపోయింది. పరీక్షించేవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఉద్యోగం పోయినట్టేనని నేను తలుపు వైపు అడుగేశాను. మామగారు మాత్రం కదల్లేదు.

మరదలి వేలు మెల్లగా బల్లను తట్టింది. “గ్యా-స్ట్రో-ఎం-ట-రా-ల-జీ.” ఐదో దెబ్బ గట్టిగా పడింది. ఆ తర్వాత ఒక్క మాట కూడా ఆమెను ఆపలేదు. ఉద్యోగం ఇచ్చేశారు.

క్యాంటీన్లో టీ అందిస్తూ మామగారు కూతురితో “కంగ్రాచ్యులేషన్స్” అన్నారు, ఒక్క గుక్కలో. నేను నోరెళ్ళబెట్టాను. మీకు ఇలా కూడా వచ్చా అని అడిగితే, నా చెవి దగ్గరికి వంగారు.

“రాకేం? అదొక్కతే ఆగి ఆగి మాట్లాడితే నవ్వుతారు. ఇంటిల్లిపాదీ అలాగే మాట్లాడితే, వీళ్ళింటి పద్ధతే అంతని ఊరుకుంటారు.”

ఇన్నాళ్ళూ ఆయనకు పిచ్చి అనుకున్నాను. ఆ క్షణాన ఆ పిచ్చాయన మీద నాకు చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

మరదలు గ్లాసును వేలితో తట్టింది. “నాన్నా, మింగేశావు. మళ్ళీ చెప్పు.”

ఆయన బుద్ధిగా కణుపు ఎత్తారు. “కం-గ్రా-చ్యు-లే-షన్స్.”

నాలుగో దెబ్బకి నా టీ ఒళ్ళో పడింది.