మోటరు లేని సాంచా దగ్గర నిలబడ్డ మనిషి

ముందే చెబుతున్నాను, నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ముప్పై ఏళ్లు విలేకరిగా పనిచేశాను. నిమ్మకాయలు కోసే బాబాల గుట్టు బయటపెట్టి, వాళ్ల మనుషులతో బండబూతులు తిట్టించుకున్నాను. ఇప్పుడు కూడా నమ్మమని మిమ్మల్ని అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మాది ముంబై పక్కన భివండీ. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ సాంచాలు నడిపాడు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. ఆ చప్పుడులోనే పెరిగి, ఒక తెలుగు పత్రికకు ఇక్కడి వార్తలు రాసే పనిలో చేరాను. జుట్టు నెరిశాక, అనుభవం ఉంది కదా అని ముంబైలో ఒక యూనివర్సిటీ వాళ్లు పిలిచి జర్నలిజం పాఠాలు చెప్పమన్నారు.

మొదటి రోజు నుంచి పిల్లలకు ఒకటే నూరిపోశాను. పోయి కళ్లతో చూడండి, ఇద్దరిని అడగండి, ఆ తర్వాతే రాయండి అని. ఎంత గొప్పగా చెప్పేవాణ్నో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

కిందటేడాది పన్నెండు మంది పిల్లలను వెంటబెట్టుకుని మా భివండీలోనే కామత్‌ఘర్‌లో ఒక సాంచాల కార్ఖానాకు వెళ్లాను. పొద్దున పదకొండు గంటలు. కిటికీల్లోంచి ఎండ పడుతోంది.

సాంచాలు నడుస్తుంటే పక్కవాడి మాట కూడా వినపడదు. అందుకని అక్కడ పనిచేసేవాళ్లు పెదవులు కదిపి మాట్లాడుకుంటారు. చప్పుడు అక్కర్లేదు, ఈ చివరి మనిషి చాయ్‌కి పోదామా అంటే ఆ చివరి మనిషికి తెలిసిపోతుంది. మా అమ్మానాన్న ఇంట్లో పొట్లాడుకోవాలన్నా, మాకు వినపడకుండా అట్లాగే పొట్లాడుకునేవాళ్లు.

పిల్లలకు ఆ పెదవుల మాట చూపిస్తుండగా, గోడ పక్కన చివరి సాంచా దగ్గర ఒకతను నా వైపే చూస్తున్నాడు. బనీను, లుంగీ, జుట్టు నిండా నూలు పొట్టు. నలభై ఏళ్లుంటాయి. పెదవులు కదిపాడు.

"నేను తాగలే అన్న. రూతును అడుగు."

రెండుసార్లు అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. ఇంతలో ఒక పిల్ల అడ్డం వచ్చింది. ఆమె జరిగాక చూస్తే అతను లేడు.

బయటికి వచ్చాక, అక్కడ పని చూసుకునే ముకద్దంను అడిగాను.

"ఆడ ఎవలు లేరు సారూ. ఆ సాంచా మోటరు తీసేసి యేండ్లాయె. దావీదని ఒకాయనకు కరెంటు కొట్టింది గద, దాని మీదనే," అన్నాడు.

ఆ వార్త రాసింది నేనే. తాగిన మత్తులో మోటరు ముట్టుకుని కార్మికుడు మృతి, అని రెండు పేరాలు. కార్ఖానా సేటుకు ఫోన్ చేసి రాసేశాను. సేటు మా నాన్న ఊరివాడు, నాకు మామ వరుస. మనవాడు అబద్ధమెందుకు చెబుతాడు అనుకున్నాను. సాంచాల మధ్య పెరిగినవాణ్ని, నాకు తెలియని కార్ఖానా ఏముంటుంది అనే పొగరొకటి. తర్వాత ఆ కార్ఖానా చేతులు మారింది. అదే ఇదని నేను గుర్తుపట్టలేదు. అప్పుడు ఒక్కసారి పోయి ఉంటే కదా గుర్తుపట్టేది.

తిరిగి వస్తుంటే బస్సులో స్వప్న అనే విద్యార్థిని నోటుబుక్కు పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. ఆమెదీ భివండీనే. తల్లిదండ్రులు సాంచాల మీదే పనిచేస్తారు, పెదవుల మాట ఆమెకూ వచ్చు. తను చదివింది మరాఠీ బడిలో.

"సార్, ఆ మూలకున్న అంకుల్ మీతోని అన్నది నేను నోట్ చేసిన. రూత్ కౌన్ హై సార్, ఎవలామె?"

ఆ పేజీలో అవే మాటలు, తెలుగు మాటలే, మరాఠీ అక్షరాల్లో ఉన్నాయి. మిగతా పదకొండు మంది అక్కడ ఎవరినీ చూడలేదన్నారు.

పెదవులు చదవడంలో పొరపాటు పడొచ్చు. ఇద్దరం ఒకే పొరపాటు పడ్డామనుకుందాం. రూతు అనే పేరు ఎక్కడి నుంచి వచ్చింది? ముకద్దంకు ఫోన్ చేస్తే, దావీదు భార్య పేరదే అన్నాడు. నా వార్తలో ఆ పేరు లేదు. నేను అడిగితే కదా ఉండేది.

మర్నాడే వెతుక్కుంటూ పోయాను. రూతమ్మ కామత్‌ఘర్‌లోనే ఒక ఇరుకు గల్లీలో ఉంటోంది, దగ్గర్లోని పూర్ణలో గోడౌన్ పనికి పోతోంది. నేనెవరో చెప్పాను. తిట్టలేదు. పెట్టెలోంచి పోస్టుమార్టం కాగితం తీసి నా చేతిలో పెట్టింది. మద్యం తాగిన ఆనవాళ్లు లేవని అందులో స్పష్టంగా ఉంది.

"ఆయన ప్రార్థనకు పోయెటోడు. బీడీ సుత ముట్టలే ఎన్నడు. మీరు గట్ల రాసినంక చర్చి సంఘం పెద్దలు మట్టి చేసెతందుకు సుత రాలె. నా పిల్లలను గల్లీల తాగుబోతు పిల్లలన్నరు. ఒక్కపారి ఇంటికొచ్చి అడిగితే చెప్పకపోదునా సారూ?"

సిగ్గుతో తల దించుకునే గల్లీలో ఇంకో ఇద్దరిని అడిగాను. ఆ మోటరుకు ఎర్తింగు లేదని, ముట్టుకుంటే జిల్లుమంటోందని పనివాళ్లు సేటుకు ముందే చెప్పారట. ఆ సంగతి తెలిసినవాళ్లు గల్లీ నిండా ఉన్నారు.

నేను పనిచేసిన పత్రికకే ఫోన్ చేసి, సవరణ వేయమన్నాను. నా దగ్గర పని నేర్చుకున్నతనే ఇప్పుడక్కడ ఎడిటరు.

"అంత పాత వార్తకు ఇప్పుడు సవరణ ఏంటి సార్, ఎవరికి గుర్తుంటుంది?" అన్నాడు. "ఆ కనిపించిన మనిషి సంగతి మాత్రం రాసివ్వండి. మంచి బొమ్మ వేసి ఆదివారం పెడదాం."

ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది. చచ్చినవాడు కనిపించాడంటే అరపేజీ ఇస్తారట. వాడి పరువు కోసం నాలుగు లైన్లు అడిగితే చోటు లేదట. ఇందుకేనా ముప్పై ఏళ్లు ఎండనకా వాననకా తిరిగింది? కానీ ఆ పరువు తీసిన చెయ్యి నాదే. ఎవరిని తిట్టను?

చివరికి సరేనన్నాను. ఒక్క అక్షరం కొట్టేసినా ఊరుకోనని చెప్పి పంపుతున్నాను. మీరు చదువుతున్నది అదే.

ఆ సాంచా దగ్గర నిలబడింది ఎవరో, స్వప్నకూ నాకూ మాత్రమే ఎందుకు కనిపించాడో నేను చెప్పలేను. ఎంత ఆలోచించినా అంతుపట్టడం లేదు. కానీ దావీదు తాగలేదు. ఆ రోజూ తాగలేదు, ఏ రోజూ తాగలేదు. తప్పు రాసింది నేను. కామత్‌ఘర్‌లో తెలుగు చదవడం వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, ఈ మాట రూతమ్మ గల్లీలో అందరికీ వినపడేలా చదవండి.