ఒక్క మట్టే అనుకున్న రోజు

కోనసీమలో గాలి తిరిగిందంటే సబ్‌స్టేషన్‌లో నాకు పని పడ్డట్టే. కొబ్బరి మట్ట తీగల మీద పడుతుంది, రిలే పసిగడుతుంది, బ్రేకర్ టప్పున పడి ఆ ఫీడరు లైను మీదున్న ఊళ్లన్నిటికీ కరెంట్ పోతుంది. మా పాత రిలేకి తెలిసిందల్లా కరెంట్ భూమిలోకి పోతోందని. ఎక్కడో చెప్పమంటే చెప్పదు. లైన్‌మేన్ వచ్చి వెతకాలి. అంతదాకా ఆగే ఓపిక మా ఊళ్లవాళ్లకెక్కడిది! కాయలు దింపే గెడతో మట్ట వాళ్లే లాగేసి, ఫోన్ కొట్టి, "తీసేసేమండీ, వేసేయండి" అంటారు.

ఆ మధ్యాహ్నమూ అంతే. కరెంట్ భూమిలోకి పోతోందని రిలే మీద ఎర్త్ ఫాల్ట్ జెండా పడి, ఫీడరు ఆగిపోయింది. కాసేపటికి రోడ్డు పక్క తోటలోంచి ఫోన్, మట్ట తీసేశామని. లైన్‌మేన్‌కి చెప్పాను.

"ఒక్క మట్టే పడిందని వాళ్లకెవరు చెప్పేరండి? చివరిదాకా చూసొస్తాను. నేను చెప్పేదాకా వేయకండి మేడమ్" అన్నాడు.

ఆ ఫీడరు మీదే మా ఇల్లు. అమ్మ ఆక్సిజన్ మిషను మీద ఉంది. ఇన్వర్టరు పాతది. సిలిండరు అమలాపురం నుంచి ఇంకా రాలేదు.

తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఇన్వర్టరు కూత పెడుతోంది. అమ్మకి ఆయాసం ఎక్కువైంది. వేసెయ్యవే."

స్విచ్ నా చేతికి అందేంత దూరంలో ఉంది. "లైన్‌మేన్ ఇంకా చెప్పలేదురా" అన్నాను. వాడు మళ్లీ చేశాడు. ఈసారి ఏమీ అడగలేదు, ఏడ్చాడు. నేను ప్యానెల్ వంక చూస్తూ కూర్చున్నాను. భయం కూడా వేయలేదు.

చివరికి లైన్‌మేన్ ఫోన్ చేశాడు. "కాలవ అవతల తోటలో ఇంకో మట్టండి. రొయ్యల చెరువు రైతు, కరెంట్ లేదు కదా అని కత్తి కట్టిన గెడ తీగకేసి లాగుతున్నాడు. తిట్టి అవతలికి పంపేను. మట్ట తీసేసేను. ఇప్పుడు వేయండి."

వేశాను. లైను మళ్లీ పడిపోకుండా నిలబడింది. ఇంట్లో మిషను తిరిగింది. అప్పటికే అమ్మ పోయింది.

అమ్మ కోసం చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడికలో అందరూ దేవుని చిత్తం అన్నారు. నాకు ఏడుపు రాలేదు. గుండె రాయి చేసుకుందని పిన్నిగారు ఎవరితోనో అంటుంటే విన్నాను. అననీలే అనుకుని, వచ్చినవాళ్లకి టీలు అందించాను.

మళ్లీ డ్యూటీలో చేరాక ఆ రొయ్యల రైతు సబ్‌స్టేషన్‌కి వచ్చాడు. మా ఇంటి సంగతి ఆయనకి తెలీదు.

"ఆ రోజు అంతసేపు తీసేసేరేంటండీ? చెరువులో గాలి చక్రాలు ఆగిపోయి రొయ్యలన్నీ చచ్చి తేలిపోయేయండి. నేనే మట్ట లాగేస్తుంటే మీ లైన్‌మేన్ అడ్డం పడ్డాడండి" అని చెయ్యి ఊపుతూ కేకలేశాడు.

ఆ రోజు తీగకేసి గెడ పట్టుకున్న చెయ్యి అదే.

"మీకేమండీ, ఫ్యాను కింద కూచుంటారు. కరెంట్ పోతే పోయేది మాకే కదండీ!"

"ఆయ్, అంతేనండి" అన్నాను.