ఖాళీ పిస్టలు, బాలింత కాయం

2023 ఏప్రిల్ పద్నాలుగు, శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండుంబావుకి ఇది మొదలైంది. పప్పు దించి తాలింపు వేస్తున్నాను. ఫోను మోగింది. మా పక్క పేట హారిస్‌డేల్ నుంచి వదిన.

ఆవిడ నాకు ఏ వరసా కాదు. పదకొండేళ్ళ కిందట మా పేట కానింగ్ వేల్ సరుకుల కొట్టులో చివరి చింతపండు పొట్లం మీద ఇద్దరం ఒకేసారి చెయ్యి వేశాం. “తీసుకో వదినా, మీ ఇంట్లో పులుసైతే మా ఇంట్లో అయినట్టే” అంది. అప్పటినుంచి ఆవిడ నాకు వదిన, నేను ఆవిడకి వదిన. రోజూ ఉదయం తొమ్మిదింటికి ఫోను చేసేది. మధ్యాహ్నం ఫోను వచ్చిందంటే ఏదో ఉందన్నమాట.

“సిడ్నీ వెళ్తున్నావంటగా! నా చెవిన వెయ్యకూడదా?”

మా కోడలు కొట్టులో నోరు జారిందని తెలిసిపోయింది. “నాలుగు రోజులకేలే. పెద్ద ప్రయాణమా ఏమన్నానా?”

“మా అమ్మాయి అక్కడ హారిస్ పార్కులోనే కదా. ఇరవై మూడున బారసాల. నన్నేమో డాక్టరు ఇప్పుడే విమానం ఎక్కొద్దన్నాడు. పసిదానికి వెండి పట్టీలు, దాని తల్లికి బాలింత కాయం ఇస్తాను. పట్టుకెళ్ళు.”

ఊరెళ్ళే మనిషి పెట్టెలో సగం చోటు మనవాళ్ళందరిదీ. అడగడం తప్పు కాదు, కాదనడమే తప్పు. కాదనాలంటే కారణం చెప్పాలి. నా కారణం ఆవిడకి చెప్పేది కాదు. ఆ పెట్టెలో నా పిస్టలు ఉంటుంది.

నేను గుంటూరులో తూనికలు కొలతల శాఖలో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేసి రిటైరయ్యాక ఇక్కడ మా అబ్బాయి దగ్గరికి వచ్చేశాం. మా వారు చనిపోయిన ఏడాది, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటున్నానని పక్కింటి ఆస్ట్రేలియన్ ముసలావిడ నన్ను తన షూటింగ్ క్లబ్బుకి తీసుకెళ్ళింది. కాగితం మీద గుండ్రాలు, పాతిక మీటర్ల దూరం, ఊపిరి బిగబట్టి నిలబడడం. తూకంలో ముల్లు మధ్యకొచ్చి ఆగినప్పుడు ఉండే నెమ్మది అక్కడ దొరికింది. పరీక్షలు రాసి, పోలీసుల ప్రశ్నలన్నిటికీ జవాబులు చెప్పి, లైసెన్సు తెచ్చుకున్నాను. ఈ దేశంలో పిస్టలు నడుముకి పెట్టుకు తిరగడానికి మాబోటివాళ్ళకి వీల్లేదు. తాళం వేసిన పెట్టెలో, గుళ్ళు తీసేసి, గుళ్ళు వేరే డబ్బాలో పెట్టి, ఇంటి నుంచి క్లబ్బుకి, క్లబ్బు నుంచి ఇంటికి. ఇప్పుడు సిడ్నీ వెళ్తున్నట్టు రాష్ట్రం దాటి పోటీకి వెళ్తే పోటీవాళ్ళ ఉత్తరం, లైసెన్సు చేతిలో ఉండాలి. విమానం కౌంటరు దగ్గర నోరు తెరిచి చెప్పాలి. దాచానంటే లైసెన్సు పోతుంది.

చట్టం దగ్గర ఏదీ దాచలేదు. వదిన దగ్గరే దాచాను, నాలుగేళ్ళు.

ఆవిడ అన్నగారు మిలటరీ నుంచి వచ్చాక ఒంగోలులో బ్యాంకు గార్డుగా చేరాడు. ఒకరోజు స్టూలు మీద కూర్చుని టీ తాగుతుంటే, గోడకి ఆనించిన తుపాకీ జారి కింద పడి పేలింది. అక్కడే పోయాడు. ఈ సంగతి ఆవిడ నాకు ఎన్నిసార్లు చెప్పిందో! దీపావళికి పిల్లలు టపాకాయలు కాలుస్తుంటే చెవులు మూసుకుని మా బాత్‌రూములో కూర్చునేది. “తుపాకీ ఉన్న కొంపలో మంచినీళ్ళు కూడా ముట్టను” అనేది. అది మాటవరసకి అన్నది కాదు.

అందుకని శనివారాలు నేను లైబ్రరీకి వెళ్తున్నానని ఆవిడ నమ్మకం. పూర్తిగా అబద్ధం కాకూడదని, తిరిగొచ్చేటప్పుడు నిజంగానే లైబ్రరీలో కాసేపు కూర్చుని ఒక పుస్తకం తెచ్చుకునేదాన్ని.

పార్సిలు ముందే మా ఇంటికి పంపమన్నాను. లోపలేముందో నా కళ్ళతో చూసుకుంటే గుండె నిబ్బరంగా ఉంటుంది.

“కాయం పొద్దున్నే తాజాగా చేస్తాను. ఎయిర్‌పోర్టుకే తెస్తాలే. నిన్ను సాగనంపినట్టూ ఉంటుంది.”

“నీ ఒంట్లో బాగాలేదు కదా, ఎందుకు శ్రమ?”

“కారు మా వాడు నడుపుతాడు, నేను మొయ్యను. నీకు నేను బరువా?”

ఆ వారం నాకు అన్నం సయించలేదు. మా అబ్బాయి విసుక్కున్నాడు. “చెప్పెయ్యమ్మా, ఫినిష్. లీగల్‌గానే కదా చేస్తున్నావు.”

“లీగల్ అంటే ఆవిడ అన్న లేచొస్తాడా?”

“అయితే పోటీ మానెయ్.”

మానను. మానితే నన్ను నేనే దొంగని అనుకున్నట్టు. పార్సిలు ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గరే అందుకుని, వాళ్ళని పంపేసి, ఆ తరవాత కౌంటరుకి వెళ్దామని లెక్క వేసుకున్నాను. విమానానికి మూడు గంటల ముందే చేరాం. వదిన మాకంటే ముందే వచ్చి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది. పట్టుచీర కట్టుకుంది, బారసాలకి తనే వెళ్తున్నట్టు.

“ఇలా ఇచ్చెయ్ వదినా, ఇంక ఇంటికెళ్ళి పడుకో.”

“ఇదేం తోలడం! పెట్టె లోపలికి పోయేదాకా ఉంటా. నీకు ఇంగ్లీషులో కంగారు.”

నాకు ఇంగ్లీషులో ఏ కంగారూ లేదు. ఆ ఉదయం ఒక్కటే కంగారు. అది నా చెయ్యి పట్టుకుని వరసలో నా పక్కనే నిలబడింది. మా అబ్బాయి “ఆంటీ, రండి, కాఫీ తాగుదాం” అని రెండుసార్లు పిలిచాడు. “నువ్వు తాగు నాయనా” అంది.

కౌంటరు పిల్ల నవ్వుతూ, ప్రకటించాల్సినవేమైనా ఉన్నాయా అని అడిగింది. వదిన వెనక్కి తిరిగి ఎవరి పసిబిడ్డనో చూస్తోంది. ఆ ఒక్క క్షణంలో, ఏమీ లేదు అని అంటే ఎలా ఉంటుందని అనిపించింది. అనిపించిందంతే. ముందుకి వంగి, పోటీ పిస్టలు, ఖాళీది, తాళం వేసి ఉంది, గుళ్ళు వేరే ఉన్నాయి అని మెల్లిగా చెప్పాను.

ఆ పిల్ల మెల్లిగా చెప్పలేదు. ఫైర్‌ఆర్మ్ ఉందని పక్క కౌంటరు అతన్ని కేకేసింది. ఎవరైనా ఏమైనా ఇచ్చారా అని తరవాతి ప్రశ్న. ఇచ్చారు అన్నాను. మమ్మల్ని పక్క బల్ల దగ్గరికి తీసుకెళ్ళారు.

ముందు కాయం డబ్బా తెరిచారు. పక్క కౌంటరు అతను వాసన చూసి తుమ్మాడు. వదిన పకపకా నవ్వింది. “శొంఠి బాబూ, మిరియాలు! ఫర్ మదర్!” అప్పటికింకా ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. పక్కనున్న పొట్లంలోంచి చిన్న పట్టీలు తీసి ఆడించి చూపించింది.

తరవాత నన్ను సూట్‌కేసు తెరవమన్నారు. చీరల మధ్య నల్ల పెట్టె. తాళం చెవి నా మెళ్ళో గొలుసుకి ఉంది. రెండోసారికి గాని తాళం రాలేదు. మూత లేచింది.

పట్టీల చప్పుడు ఆగిపోయింది.

“వదినా, అదేమిటి?”

“పోటీకి. కాగితం మీద కాల్చేది. లైసెన్సు ఉంది.”

“నీదా?”

“నాదే. ఖాళీగా ఉంది వదినా. చూడు, లోపల ఏమీ లేదు.”

ఆవిడ చూడలేదు. నా మొహం కేసే చూసింది. “మా అన్నది కూడా ఖాళీగానే ఉందన్నారు.”

ఖాళీ తుపాకీ పేలదు. అది నిజం. ఒంగోలులో వాళ్ళు సరిగ్గా చూసుకోలేదు. అదీ నిజమే. రెండూ ఆవిడతో అనేవి కావు.

“శనివారాలు లైబ్రరీ అంటివే?”

“లైబ్రరీకి కూడా వెళ్ళాను.”

ఆవిడ పట్టీలు పొట్లంలో పెట్టుకుంది. డబ్బా మూత బిగించింది. “ఇవి దాని పక్కన వెళ్ళకూడదు” అంది, కోపంగా కాదు, ఊరికే చెప్పినట్టు. వాళ్ళబ్బాయి కార్లో ఉన్నాడు. మా అబ్బాయి చెయ్యి పట్టుకుని నడిపించబోతే వదిలించుకుని ఒక్కతే వెళ్ళింది.

సిడ్నీలో పిస్టలు సురక్షితంగా చేతికొచ్చింది. పోటీలో మొదటి రౌండ్లు బాగానే పడ్డాయి, తరవాత చెయ్యి నిలవలేదు. ఆదివారం బారసాల వేళకి హారిస్ పార్కుకి పది నిమిషాల దూరంలోనే ఉన్నాను. పిలిచేవాళ్ళు లేక వెళ్ళలేదు. తిరిగొచ్చాక ఫోను చేశాను. వాళ్ళ కోడలు ఎత్తి, “అత్తయ్య పడుకున్నారు ఆంటీ” అంది. అప్పుడు ఉదయం తొమ్మిదింటికి ఒక నిమిషం తక్కువ.

మళ్ళీ చెయ్యలేదు. లైసెన్సు గడువు రాగానే పొడిగించుకున్నాను. చట్టంలో నేను ఒక్క అక్షరం తప్పలేదు.

తిరిగొచ్చిన రోజు సామాను సరిచూసుకున్నాను. పిస్టలు ఒకటి, ఉంది. తాళం చెవులు రెండు, ఉన్నాయి. లైసెన్సు ఉంది. మిగిలిన గుళ్ళు లెక్కకి సరిపోయాయి. పోయినవి: పొద్దున తొమ్మిదింటి ఫోను. నన్ను వదినా అని పిలిచే మనిషి, ఒకరు.