నాన్న గడ్డానికి కొన్న కత్తి

పక్షవాతంతో కుడి పక్క పడిపోయాక నాన్నకు గడ్డం గీయించడం గగనమైపోయింది. అప్పటికే నందిగామ సెలూన్లలో పాత కత్తులు పోయి, ఎయిడ్స్ భయంతో సగం బ్లేడు విరిచి పెట్టే కత్తులు వచ్చేశాయి. ఇంటికి పిలిపించిన మనిషి దానితో గీస్తుంటే నాన్న తల తిప్పేసుకునేవాడు. "పాత కత్తయితే హాయిగా ఉండేదిరా" అని రోజుకు నాలుగుసార్లు అనేవాడు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఏదో ఒకటి తెచ్చి పారేస్తే ఈ గోల వదులుతుందని జగ్గయ్యపేట బస్సెక్కాను.

అది నాన్న పుట్టిన ఊరు. చిన్నప్పుడు నాకు క్రాపు చేసిన ముసలాయన షాపు మూసేసి ఇంట్లోనే ఉంటున్నాడు. పెట్టె అడుగు నుంచి గుడ్డలో చుట్టిన కత్తి తీశాడు. నిండా తుప్పు. కొమ్ము పిడి మీద అడ్డంగా ఒక గాటు.

"షోకేసులో పెట్టుకోటానికాండి? ఈమధ్య అట్టా అడుగుతున్నారు."

"ఆఁ, అందుకే."

"ఒక్క మాటండి, ఈ కత్తి..."

"బస్సెళ్లిపోద్దయ్యా, ఇటివ్వు" అని డబ్బు చేతిలో పెట్టి, లాక్కున్నంత పని చేశాను.

రెండు రోజులు కిరసనాయిల్లో నానబెట్టి బూడిదతో తోమాను. పిడికి ఊడిన మేకు బదులు కంసాలి దగ్గర ఇత్తడిది వేయించాను. నీళ్లు చల్లుకుంటూ సానరాయి మీద నూరి, నా పాత తోలు బెల్టుకు రాస్తూ వారం గడిపాను. చేతి మీద వెంట్రుక తెగిన రోజు నా సంతోషం ఇంతా అంతా కాదు.

ఆదివారం పొద్దున నాన్నను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి సబ్బు పూశాను. కత్తి తెరవగానే ఆయన కళ్లు పిడి మీద నిలిచిపోయాయి. ఎడమ చెయ్యి మంచం పట్టెను గట్టిగా పట్టుకుంది. ఏదో అనబోయాడు.

"నోరు కదపకు నాన్నా, తెగుద్ది" అని కసిరాను.

ఆ తర్వాత ఆయన పాత కత్తి ఊసే ఎత్తలేదు. గోల వదిలిందనుకున్నాను. ప్రతి ఆదివారం గడ్డం గీసి, నా పనితనానికి నేనే మురిసిపోయేవాణ్ణి.

మూడు నెలలకు జగ్గయ్యపేటలో పనిపడింది. గొప్ప చెప్పుకుందామని ముసలాయన గడప తొక్కాను. నా మాట వినగానే ఆయన ముఖం పాలిపోయింది.

"నాన్నగారికి గీస్తున్నారాండి? అది పదోరోజు కత్తండి. కర్మలప్పుడు ఏటి ఒడ్డున గుండ్లు చేయటానికి తప్ప, మా నాన్న నాటి నుంచి దాన్ని బయటికి తియ్యలేదు. ఆరోజు చెప్పబోతే మీరు బస్సన్నారు."

తిరుగు బస్సులో నా మీద నాకే అసహ్యమేసింది. కత్తిని అటక మీద పడేసి, ఆ ఆదివారం కొత్త ప్లాస్టిక్ రేజర్ పట్టుకుని నాన్న ముందు కూర్చున్నాను.

"కత్తేదిరా?" అన్నాడు.

"పదును పోయింది."

వంకరపోయిన మూతితో నాన్న ఒక్కో మాటా కూడబలుక్కున్నాడు. "గాటు చూసి గుర్తుపట్టా. మా అమ్మ పోయినప్పుడు నాకు గుండు చేసింది దాంతోనే."

"మరి మొదటి రోజే చెప్పొచ్చుగా?" గొంతు పెంచకూడదనుకుంటూనే పెంచాను.

"చెప్పబోయా. నోరు కదపొద్దన్నావుగా."