మా చెన్నయ్య బావ, మీ చెన్నక్క

నిన్న పొద్దున గద్వాల నుంచి వనపర్తి బస్సు. నేను టికెట్లు కొడుతున్నాను.

ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు ఫోన్ చూస్తున్నారు. ఒకామె ఉన్నట్టుండి, "అయ్యో, చెన్నక్క పోయిందంటనే!" అంది.

మిషన్ మీద నా వేలు ఆగిపోయింది.

"ఏ చెన్నక్కమ్మా?" అన్నాను.

"టీవీల కామెడీ చేస్తది గద, గా చెన్నక్క. పొద్దుగాల పానం పోయిందంట."

చెన్నక్క మా బావ. మా మణెమ్మక్క మొగుడు, చెన్నయ్య.

బ్యాగులోంచి ఫోన్ తీస్తే అన్నీ అక్క మిస్డ్ కాల్సే. వనపర్తి దాకా ఎవరికి ఎక్కడికి టికెట్ ఇచ్చానో గుర్తులేదు.

సాయంత్రం మట్టి చేసి వచ్చాం. ఇవాళ ఇంట్లో ఎవరికీ మాటల్లేవు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

బావది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. పగలు తాపీ పని. జాతరలకు, పండుగలకు భాగోతం. సన్నగా, సుకుమారంగా ఉంటాడని ఆడవేషం ఆయనకే ఇచ్చేవారు. చీర కుచ్చిళ్లు ఆయన పెట్టుకుంటుంటే మా పెద్దమ్మలు కూడా నిలబడి చూసేవారు.

అక్క పెళ్లయిన కొత్తలో సంగతి తెలిసి నాన్న మండిపడ్డాడు. "మీసాలు గొరిగిచ్చుకొని తిరిగేటోనికి ఇచ్చిన నా బిడ్డను!" అన్నాడు.

అక్క మెల్లగా, "మీసం లేకుంటే ఏమాయె నాయినా, మాట మంచిగున్నది" అంది.

తర్వాత ఎవరో భాగోతం వీడియో తీసి నెట్‌లో పెట్టారు. అది చూసి హైదరాబాద్ నుంచి కామెడీ షో వాళ్లు పిలిచారు. లేడీ గెటప్. మొదటి రోజే ఒళ్లంతా దూది కుక్కి, పెదాల చుట్టూ లిప్‌స్టిక్ పూయబోయారట.

"సార్, నన్ను జూసి నవ్వుడు గాదు, నా మాట ఇని నవ్వాలె. జర నా చీర నన్నే కట్టుకోనియ్యుండ్రి" అన్నాడట బావ.

కట్టుకోనిచ్చారు. ఆ రోజు పుట్టింది పాలమూరు అత్తగారు చెన్నక్క. "ఓయమ్మా..." అని సాగదీసి, సగం నవ్వి, అల్లుడికి చురక వేసే ఆ గొంతు మీ అందరికీ తెలుసు.

ఆ గొంతులోనే గడ్డ లేచింది. ఆపరేషన్‌తో ప్రాణం దక్కింది కానీ మాట పోయింది. చెవి దగ్గర పెడితే తప్ప వినపడని గుసగుస మిగిలింది. షో వాళ్లు కొన్నాళ్లు ఫోన్ చేశారు. తర్వాత మానేశారు. బావ ఇంట్లో టీవీ పెట్టనిచ్చేవాడు కాదు.

అప్పుడే కొల్లాపూర్‌లో పాత భాగోతం దోస్తులు సన్మానం అన్నారు. శాలువా కప్పుతాం, ఊరికే కూర్చుంటే చాలన్నారు.

"శాలువా వద్దు. వేషం వేస్త" అన్నాడు బావ, ఆ గుసగుసతోనే.

అందరం బిత్తరపోయాం. మాట లేకుండా వేషమేంది?

అక్క చిక్కుడుకాయలు తుంచుతూ తలెత్తకుండానే అంది: "మాట నేను చెప్త."

అక్కకు చదువు రాదు. ఎన్నడూ స్టేజీ ఎక్కింది లేదు. కానీ ఇన్నేళ్లూ బావ ఇంట్లో ప్రాక్టీస్ చేస్తుంటే రొట్టెలు కొడుతూ విన్నదే.

ఆ సాయంత్రం తెర వెనక అక్క, మైక్ ముందు. తెర ముందు పచ్చ చీరలో బావ. ఆయన పెదాలు కదిలాయి. "ఓయమ్మా..." అని వినిపించింది.

ముందు వరసలో ఒక ముసలమ్మ లేచి నిలబడింది. "చెన్నక్కకు గొంతు మల్లొచ్చిందే!"

ఈలలే ఈలలు. నేను మాత్రం తెర వెనక గొంతే వింటున్నాను. ఆ సాగదీత, ఆ సగం నవ్వు... అదంతా చిన్నప్పటి నుంచి నేను ఇంట్లో విన్నదే. ఎన్నడూ పట్టుకోలేకపోయాను.

అయిపోగానే బావ తెర పక్కకు లాగి, అక్కను చెయ్యి పట్టి ముందుకు తెచ్చాడు. అక్క ఇంటి చీరలోనే ఉంది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. బావ ఆమె వెనక్కి వెళ్లి నిలబడి చప్పట్లు కొట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు నా చెవిలో, "నాకు ఆడగొంతు యాడికెల్లి వస్తది బామ్మర్దీ? మీ అక్క మాట్లాడుతుంటే ఇని నేర్చుకున్న" అన్నాడు.

ఆ తర్వాత అక్కడా ఇక్కడా ఇద్దరూ కలిసి చేశారు. అక్క తెర ముందే కుర్చీ వేసుకుని కూర్చునేది. వెనక కూర్చోబెడితే బావ ఒప్పుకునేవాడు కాదు. గడ్డ మళ్లీ తిరగబెట్టే దాకా అలాగే సాగింది. ఆయన అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

నిన్న అభిమానులు గద్వాల పట్టుచీర తెచ్చారు, చెన్నక్కకు కప్పుతామని. పెద్దమనుషులు పంచె కట్టాల్సిందేనన్నారు. వాకిట్లో మాటామాటా పెరిగింది.

అక్క బయటికి వచ్చింది.

"మీకు చెన్నక్క. నాకు చెన్నయ్య. తెల్లపంచె కట్టుండ్రి. ఆ చీర నాకియ్యుండ్రి, నేను కట్టుకుంట."

అభిమానులు చీర అక్క చేతిలో పెట్టారు.

ఆ పట్టుచీరతోనే అక్క బావ వెంట చివరిదాకా నడిచింది.

పోయి రా బావా. నొప్పి లేని నిద్ర పట్టాలి నీకు. అక్క దగ్గర మేమున్నాం.