చిన్నాన్న కోడీక గేలం

ఒక్క మాట అడుగుతాను, గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. గేలం దారం పట్టుకున్న మీ వేలికి చిన్న టక్కు తగిలితే అప్పుడే లాగుతారా... ఇంకాస్త చూద్దాం అంటారా?

మా చిన్నప్పుడు... సంతబొమ్మాళి దిగువన, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర మా చిన్నాన్న నాకు గేలం నేర్పాడు. ఆడపిల్లని తెప్ప ఎక్కనిచ్చేవారు కాదు. ఒడ్డున నిలబడితే ఎవడు కాదంటాడు అనేవాడు చిన్నాన్న.

అది అందరి గేలం లాంటిది కాదు... ఎర ఉండదు. పుంజు మెడ మీది తెల్ల ఈకలు ముల్లుకి చుట్టి, ఎర్ర దారంతో బిగించేవాడు. నీళ్ళలో ఆడిస్తే అచ్చం చిన్న చేప ఈదినట్టే. పండుగొప్ప చేపలు ఎగబడేవి.

వలలేసే వాళ్ళకి అదో వేళాకోళం. “ఏటి మావా, సేపలకి కోడికూర పెడతన్నావా?” అనేవారు. “మీ ఇంట్లో పెట్టనేదని నా కాడికొచ్చినాయిరా,” అనేవాడు చిన్నాన్న.

మొదట్లో నాకు ముల్లు ఇవ్వలేదు. ఎండిన ఇసుక మీద కొబ్బరి చిప్ప పెట్టి, ఉత్త ఈక దాని పక్కన పడేలా విసరమన్నాడు. నేను గేలం కర్ర వెనక్కి తీసీ తియ్యగానే ముందుకు కొట్టేదాన్ని... దారం వచ్చి నా జడకే చుట్టుకునేది. వెనకాల దారం పూర్తిగా సాగేదాకా ఆగాలట. సాగిందని కర్రే చేతికి చెప్తుందట. జీడిపిక్కలు ఏరే సెలవులన్నీ ఆ ఇసుకలోనే గడిచిపోయాయి...

నీళ్ళలోకి దిగాక ఇంకో తప్పు. టక్కుమంటే, మింగనీలే అని ఆగేదాన్ని. ఎరనైతే మింగుతుంది. ఈకలో రుచేముంది? నోట పెట్టి ఉమ్మేస్తుంది. ఎన్ని పోయాయో...

“ఇసరటానికి ఓపిక పట్టు అమ్మీ. లాగటానికి పట్టకు. టక్కుమన్నప్పుడే లాగాల,” అన్నాడు.

ఆ మాట పట్టుకునే నా మొదటి పండుగొప్పని లాగాను. నాయనమ్మ మట్టిదాకలో పులుసు పెట్టింది. తలముక్క నా కంచంలో వేయించింది చిన్నాన్నే.

ఇప్పుడు నేను సంచిలో పరిశుద్ధ గ్రంథం పెట్టుకుని ఊరూరా వాక్యం చెప్పుకునే మనిషిని. ఎవరూ నేర్పలేదు, కూడబలుక్కుని చదువుకున్నదే. రాత్రంతా వల వేసి ఖాళీ చేతులతో ఒడ్డుకొచ్చిన జాలరుల వాక్యం దగ్గరికి వస్తే నా గొంతు దానంతటదే లేచేది. ఈమధ్య లేవడం లేదు... కిడ్నీ జబ్బు తినేస్తున్న మా ఉద్దానంలో ఎన్ని సమాధుల దగ్గర ప్రార్థన చేసిన గొంతు ఇది. అలసిపోయింది.

చిన్నాన్నకి కాళ్ళు ఉబ్బినప్పుడు, ఉప్పునీళ్ళలో నిలబడితే ఉబ్బవా అన్నాడు. మా పేటకి రక్తపరీక్షలు చేసేవాళ్ళు వచ్చిన రోజు, సముద్రం పోటు బాగుంది, రేపు చూపించుకుంటానని కర్ర పట్టుకుని మొగకి వెళ్ళిపోయాడు. ఆ రేపు రావడానికి ఏడాది పైనే పట్టింది. అప్పటికి కిడ్నీలు రెండూ పోయాయి.

ఇప్పుడు రోజు విడిచి రోజు ఆటోలో టెక్కలి... డయాలసిస్. సూదులు గుచ్చడానికి ఎడమచేతి నరాలు కలిపి కుట్టారు. అది పాడైతే కుడిచేతికి కుట్టారు. ఆ చేత్తో బరువెత్తకూడదు, కర్ర విసరకూడదు. కర్ర చూరులో ఉంది. మొగ దగ్గర ఈక ఆడించేవాళ్ళు ఇంకెవరూ లేరు...

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక వెళ్ళాను. చూరులోని కర్ర వైపే చూస్తూ అన్నాడు చిన్నాన్న.

“కాళ్ళు ఉబ్బినప్పుడే అది టక్కుమంది అమ్మీ. నాకు తెలిసింది.”

చదివి వినిపిద్దామని విప్పిన గ్రంథం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను.

మీకు గేలమో, ఈతో నేర్పిన చెయ్యి ఎవరిదో కింద రాయండి, అన్నీ చదువుతాను. కానీ అది తర్వాత. రేపటిని నమ్ముకోమన్న వాక్యం ఇన్నేళ్ళలో నాకు ఒక్కటీ కనపడలేదు. మీ ఇంట్లో ఎవరికైనా కాళ్ళు ఉబ్బాయా... ఆకలి చచ్చిందా... ఊరికే నీరసం అంటున్నారా... పోటు పోతే పోనీండి, జీడిపిక్కల పని ఆగితే ఆగనీండి. ఫోను పక్కన పెట్టి, ఆ మనిషి చెయ్యి పట్టుకుని రక్తపరీక్షకి బయల్దేరండి. ఈ రోజే. ఇప్పుడే.