మెనూలో మాయమైన పేరు

కొత్త రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్లలో, కల్వకుర్తిలో మాబోటి డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ కాస్త వస్తే చాలు, లోకం మొత్తం తెలిసినంత ధీమా ఉండేది. నాకు ఇంకొంచెం ఎక్కువే ఉండేది. రబ్బరు ముద్రలు, పెళ్లిపత్రికలు, దరఖాస్తులు చేసే దుకాణంలో టైపింగ్ పనికి చేరిన నెలకే, వైరస్‌లతో మూలుగుతున్న కంప్యూటర్లో విండోస్ తీసేసి, దాని బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాను. ఊరంతా స్టాంపు సారు అని పిలిచే మా యజమాని "ఏదైతేంది బిడ్డా, నడిస్తె సాలు" అన్నాడు. నడిచింది కూడా, ఒక సోమవారం పొద్దుటి దాకా.

ఆ పొద్దున మహిళా సంఘం అక్క పరుగున వచ్చింది. వాళ్ల వాడలో బోరు చెడిపోయి పది రోజులైందట, కలెక్టరుకు దరఖాస్తు ఇవ్వాలట, గంటలో బస్సట. మెనూ తెరిచాను. ఆటలున్నాయి, క్యాలిక్యులేటర్ ఉంది (అడగనివన్నీ ఉన్నాయి), ఉత్తరాలు టైపు చేసే ప్రోగ్రామొక్కటే లేదు. "గందుకే జెప్పిన, గీ లినక్సు మనకెందుకని" అన్నాడు సారు (ఎప్పుడూ చెప్పలేదు). ఎదురుగా ఫోన్లు బాగుచేసే అల్లుణ్ని పిలిచాడు. అతను విండోస్ సీడీతోనే వచ్చి, "అంత తుడిచి మళ్ల ఎక్కియ్యాలె మామా" అన్నాడు. నేను లేచి కంప్యూటర్‌కు అడ్డంగా నిలబడ్డాను.

"ముట్టుకోకున్రి! ప్రోగ్రాం పోలె. పేరే కనబడ్తలేదు."

"రెండు ఒకటే గదా?" అన్నాడు అల్లుడు.

"ఎట్లయితది? తలుపు మీద పేరు చెరిపేస్తె ఇంట్ల మనిషి పోతడా?"

"మీ పంచాయితి తర్వాత పెట్టుకోన్రి, నా బస్సు పోతది!" అని అరిచింది అక్క.

కంప్యూటర్‌కు ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీ తెరిచి, ప్రోగ్రాం పేరు చేత్తో కొట్టాను. ప్రోగ్రాం టక్కున తెరుచుకుంది. దరఖాస్తు టైపు చేసి ప్రింటు తీసి ఇస్తే, అక్క సిరా ఆరకముందే బస్టాండుకు ఉరికింది. నేను విజయగర్వంతో అల్లుడి వైపు చూశాను. "మరి మెనూల ఎందుకు లేదు?" అన్నాడతను, సీడీ చేతిలోనే పట్టుకుని.

వదలకుండా వెతికాను. ప్రతి ప్రోగ్రాంకూ ఒక చిన్న చీటీలాంటి ఫైలుంటుంది. మెనూ దాన్ని చదివాకే పేరు చూపిస్తుంది. ఉత్తరాల ప్రోగ్రాం చీటీలో "చూపించొద్దు" అనే లైనుంది. అప్పుడు గుర్తొచ్చింది. సారు తికమక పడకూడదని, శనివారం మెనూలో పనికిరానివన్నీ ఒక్కొక్కటే దాచిందాన్ని నేనే. ఆ ఊపులో పనికొచ్చేదాన్ని కూడా దాచేశాను.

"ఎవరు జేసిన్రు గా పని?" అన్నాడు సారు.

"నేనే. నేనే దాచిన, నేనే దొర్కబట్టిన. విండోస్ మాత్రం ఎక్కియ్యనియ్య సార్."

నోట్లోని చాయ్ ముక్కులోకెక్కేలా నవ్వాడాయన. తప్పు నాదే అయినా ఆ రోజంతా తల దించలేదు. నాలుగు రోజులకు బోరు బాగైందని అక్క చెబితే, అదీ నా ఖాతాలోనే వేసుకున్నాను.

ఇప్పుడు షాద్‌నగర్‌లో నాకే ఒక దుకాణముంది. కంప్యూటర్లో ఎవరేం ఎక్కిస్తే దానితోనే సర్దుకుపోతున్నాను. అప్పటి నాలాంటి పిల్ల ఇవాళ నా దగ్గరికి పనికొస్తే తీసుకుంటానా? తీసుకుంటాను. కాకపోతే, ఆ పిల్లను చూస్తే నాకు జర భయమేస్తుంది.